మాట చేరవలసిన దూరము

"కిమి ని తొదొకె" అనునది ఒక జపాను కథకు పేరు. "నిన్ను చేరుగాక" అని దానిని తెలుగున చెప్పవచ్చును. ఆ చిన్న వాక్యమున చేరవలసిన గమ్యము కలదు. చేరవలసినదేదో దాని పేరు మాత్రము లేదు. కర్తను చెప్పకయే వాక్యమును పూర్తిచేయుట జపాను భాషకు అలవాటు. చేరవలసినది చూపో, మాటో, మనసో వినువారే పూరించుకొనవలెను. కథ నడచినకొలది ఆ ఖాళీ మెల్లమెల్లగా నిండును. పేరునకును కథకును ఇంత పొత్తు కుదిరిన రచనలు ఏ భాషలోనైనను అరుదు.

షీనా కరుహో అను రచయిత్రి ఈ బొమ్మల కథను "బెస్సాత్సు మార్గరెట్" అను బాలికల మాసపత్రికలో 2005లో ఆరంభించి 2017లో ముగించెను. పుస్తకరూపమున అది 30 సంపుటములైనది. 2008లో బాలికల కథల విభాగమున దానికి కోదాన్షా మాంగా పురస్కారము లభించెను. 2009 అక్టోబరు మొదలు 2010 మార్చి వరకు ప్రొడక్షన్ ఐ.జి. సంస్థవారు కబురాగి హిరో దర్శకత్వమున దానిని 25 భాగముల అనిమేగా, అనగా గీసిన బొమ్మలకు చలనము కల్పించిన కథామాలికగా, జపాను టెలివిజనులో ప్రసారము చేయించిరి. 2011లో రెండవ మాలిక వచ్చెను. మూడవదాని కొరకు ప్రేక్షకులు పదమూడేండ్లు వేచియుండవలసి వచ్చెను. అది 2024లో వెలువడినది. ఇంతకాలము ఒక కథను జనులు మరువకుండుటకు అందు యుద్ధములు లేవు, మాయలు లేవు, హత్యలు లేవు. ఒక ఉన్నత పాఠశాల, ఒక తరగతి గది, ఒక బాలిక, ఒక బాలుడు, నలుగురు స్నేహితులు మాత్రమే కలరు.

ఇట్టి కథలపై రెండు ఆక్షేపణలు తరచుగా వినవచ్చును. పాఠశాలలో చదువుకొను పిల్లల నడుమ ప్రేమయేమి, దానిని చిత్రించుటయేమి, దానిని పిల్లలు చూచుటయేమి అని పెద్దలు అడుగుదురు. ఇన్ని భాగములు గడచినను నాయకుడు నాయిక చేతినైనను పట్టుకొనడే, ఇందు జరిగినదేమి అని పిన్నలు అడుగుదురు. పెద్దలకు ఇందు ప్రేమ ఎక్కువైనది, పిన్నలకు చాలకపోయినది. ఒకే రచనపై పరస్పరవిరుద్ధములైన రెండు నిందలు పడినప్పుడు, ఆ రచన మరి యేదో చెప్పుచుండవచ్చునని అనుమానింపవలెను. ఈ కథలో ప్రేమ ఉన్నమాట నిజమే. కాని దాని అసలు విషయము మాట. ఒకరి నోటినుండి వెలువడిన మాట వేరొకరి మనసును ఉన్నదున్నట్లుగా చేరుట ఎంత కష్టమో, ఆ కష్టము పడుట ఎంత అవసరమో చెప్పుటకే ఈ కథ పుట్టినది.

కథానాయిక కురోనుమ సవాకో. నుదుటిపై పడు నల్లని పొడవాటి జుట్టు, పాలిపోయిన మోము, నవ్వబోయినంతనే బిగుసుకొనిపోవు పెదవులు ఆమె రూపము. జపానులో సుజుకి కోజి 1991లో వ్రాసిన "రింగు" నవలలోను, దానినుండి 1998లో వచ్చిన చలనచిత్రములోను సదాకో అను ప్రేతము కలదు. జుట్టు ముఖముపై విరబోసికొని నూతినుండి వెలికి వచ్చు ఆ రూపమును చూచి జడియని ప్రేక్షకుడు లేడు. సవాకో, సదాకో! ఒక్క యక్షరమే భేదము. తోటి విద్యార్థులు ఆ యక్షరమును మార్చివేసిరి. ఆమె కన్నులలోనికి మూడు సెకండ్లు చూచిన కీడు కలుగునని యొకరు, ఆమెకు దయ్యములు కనబడునని మరియొకరు చెప్పుకొనిరి. చిత్రమేమనగా, ఆమె పేరులోని మొదటి లిపిసంజ్ఞకు తేటదనము, మనసునకు హాయి గొలుపు నిర్మలత్వము అని అర్థము. తలిదండ్రులు ఆశతో పెట్టిన ఆ అర్థము పిలుచువారి చెవికి సోకనే సోకదు.

లోకులు కాకులన్న సామెత తెలుగువారికి కొత్త కాదు. వదంతికి కాళ్లు లేకున్నను ఊరు చుట్టి వచ్చును. దానిని పుట్టించినవాడెవడో తెలియదు. మోసినవారెవ్వరును బరువు మోసినట్లు తలంపరు. ఈ కథయందు వదంతి ఎంత సులువుగా ప్రయాణము చేయునో, నిజమైన మాట అంత దుర్ఘటముగా ప్రయాణము చేయును. సవాకోకు దయ్యములు కనబడవు. ఆ చిన్న సత్యమును తరగతికి తెలియజెప్పుటకే ఆమెకు నెలలు పట్టును. వదంతికి ఆసక్తి చాలును. సత్యమునకు వినువారి మనసున చోటు కావలెను. ఆ చోటు ఎట్లు ఏర్పడునన్నదియే మొదటి మాలికలోని కథ.

సవాకో స్వభావమును రచయిత్రి ఎంతో మెలకువతో తీర్చినది. దినమునకొక మంచిపని చేయవలెనన్నది ఆమె నియమము. ఎవ్వరును పట్టించుకొనని పాఠశాల పూలమళ్లను ఆమె సాకును. ఎవరో చేయవలసిన పనిని తాను చేసిపెట్టును. పరీక్షలకు ముందు తోటివారికి పాఠము చెప్పును. సెలవులకు ముందు విద్యార్థులు చీకటిలో ధైర్యపరీక్ష యను ఆటను ఏర్పాటుచేసికొన్నప్పుడు దయ్యము వేషము వేయుటకు తానై ముందుకు వచ్చును. తనను గాయపరచిన పేరునే తోటివారి వినోదమునకు సాధనముగా అర్పించి, ఇప్పటికైనను ఉపయోగపడితినని సంతోషించును. ఆ సంతోషమును చూచి ప్రేక్షకుడు నవ్వును. నవ్వుచుండగనే గుండెలో ముల్లు గ్రుచ్చుకొనును. ఇతరులకు ఉపయోగపడిన తప్ప తనకు ఈ లోకమున ప్రవేశము లేదని ఆ బాలిక నమ్మినది. ఆమె మంచితనమున ఆమెయే లేదు. ఈ లోపమును గుర్తించినందుననే ఈ కథ నీతిబోధ స్థాయిని దాటి సాహిత్యమైనది.

కజెహాయ షోత ఆ తరగతిలో అందరికిని ఇష్టుడైన బాలుడు. సవాకో పేరులో దాగియున్న తేటదనమునే లోకము అతనియందు చూచి మెచ్చుకొనును. ఏప్రిలులో జపాను పాఠశాలలు తెరచునాటికి చెర్రీ చెట్లు పూచును. ప్రవేశోత్సవమునాడు ఆ పూల క్రింద దారి తప్పిన యొక బాలునకు ఆమె త్రోవ చూపి నవ్వినది. ఆ నవ్వును అతడు మరువలేదు. ఆమెకు అతడిచ్చిన తొలి కానుక మిక్కిలి చిన్నది: ఆమెను ఆమె పేరుతో పిలిచినాడు. తరగతిలో కూర్చుండు చోట్లు మారిన దినమున ఆమె ప్రక్కన కూర్చుండుటకు అందరు వెనుదీయగా, అతడు తన బల్లను తెచ్చి ఆమె ప్రక్కన వేసికొన్నాడు. ఒక్కమాటయు లేని ఆ పని ఒక ప్రకటనకన్న బిగ్గరగా వినబడును. అతని వెనుక చిజురు, అయానె, ర్యూ అను ముగ్గురును వచ్చి చుట్టును చేరుదురు. ఒక్కరు జంకు విడిచినచో తక్కినవారి జంకు దానంతట సడలునన్న లోకానుభవము ఆ దృశ్యమున కలదు.

ఇక్కడ కథ సులభముగా ముగియవచ్చును. రచయిత్రి ముగియనీయలేదు. కొంత కాలమునకు చిజురును గూర్చియు అయానెను గూర్చియు చెడ్డ మాటలు పుట్టును. వానిని సవాకోయే పుట్టించినదని మరియొక మాట పుట్టును. తన పొత్తు వలననే వారికి అపకీర్తి వచ్చినదని తలచి సవాకో దూరముగా జరుగును. తొలగిపోవుట త్యాగమని ఆమె తలంపు. తొలగింపబడితిమని స్నేహితురాండ్ర తలంపు. ఒకరిపై ఒకరికి ప్రేమయుండియు మాట లేకపోవుటచేత ఇరుప్రక్కలను గాయమగును. తుదకు ఒకనాడు కొందరు బాలికలు తన స్నేహితురాండ్రను నిందించుచుండగా సవాకో విని, ఆ మాటలను వెనుకకు తీసికొనుడని వారిని నిలదీయును. తనపై వచ్చిన ఏ నిందకును ఎదురాడని బాలిక పరులపై వచ్చిన నిందకు ఎదురాడినది. ఆమె గొంతునకు తొలి బలము అచ్చట వచ్చినది. స్నేహము ఒప్పందము వ్రాసికొనగా పుట్టునది కాదనియు, అది ఉన్నదని గుర్తించునాటికే అది పుట్టియుండుననియు ఆమె అప్పుడు తెలిసికొనును.

కథకు వెన్నెముక వంటి ఘట్టము మరియొకటి కలదు. కురుమి యని అందరు ముద్దుగా పిలుచు సుందరి కజెహాయను మునుపటి పాఠశాలనాటినుండి కోరుచున్నది. తనకును అతనికిని నడుమ సాయపడుమని ఆమె సవాకోను అడుగును. ఎవరేమి కోరినను కాదనని బాలిక దీనిని కాదనజాలదని కురుమి లెక్క. తెలుగు పాఠకునకు ఇచ్చట నలోపాఖ్యానము గుర్తుకు రాక మానదు. దమయంతిని వలచిన నలునినే ఇంద్రాది దిక్పాలకులు తమకు దూతగా పొమ్మనిరి. నలుడు ఇచ్చిన మాటకు కట్టుబడి, తన కోరికను చంపుకొని, దేవతల పక్షమున దమయంతితో మాటలాడెను. అది అతని ధర్మనిష్ఠ. సవాకోకు కూడ అట్టి అవకాశమే వచ్చినది. ఇతరుల కొరకు తన్ను తాను తుడిచివేసికొనుట ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య వంటిది. అయినను ఆమె సాయపడజాలనని చెప్పును.

ఆ "కాదు" ఆమె జీవితమున తొలి "కాదు". కోపముతో చెప్పినది కాదు, అసూయతో చెప్పినది కాదు. లోపల ఒక కోరిక ఉన్నదని, అది తనదేనని, దానిని కప్పిపుచ్చి వేరొకరికి సాయపడుట అబద్ధమగునని గుర్తించి చెప్పినది. ఉపకారబుద్ధికిని సత్యమునకును నడుమ ఎన్నుకొనవలసి వచ్చినప్పుడు ఆమె సత్యమును ఎన్నుకొన్నది. ఇది ప్రేమకథ యగుటకు ముందు ఒక బాలికకు తాను అనునది కలిగిన కథ. పాఠశాలలో ప్రేమ యేల అని అడుగు పెద్దలు ఈ ఘట్టమును చూడవలెను. ఏ పాఠ్యపుస్తకమును ఆమెకు నేర్పలేని దానిని ఆ ప్రేమ నేర్పినది. అందరికిని మంచిదనిపించుకొనవలెనను ఆశకు ఒక హద్దు ఉండవలెనని నేర్పినది.

కురుమిని రచయిత్రి దుష్టపాత్రగా తోసివేయకుండుట మరియొక విశేషము. వదంతుల వెనుక ఉన్నది కురుమియేనని తరువాత బయటపడును. అప్పుడును సవాకో ఆమెను తనతో సమమైన ప్రత్యర్థిగనే గౌరవించును. కురుమి తానుగా పోయి కజెహాయకు తన మనసు చెప్పుకొని, నిరాకరణ పొంది, ఏడ్చును. ఆ ఏడ్పునకు కథ పూర్తి మర్యాద ఇచ్చినది. మరియొక మాలికలో, వెనుకాడుచున్న సవాకోను మందలించి ముందుకు త్రోయువారిలో ఈ కురుమియు ఒకతె. తన మాట చేరలేదని ఎరిగినది కాబట్టి మాట చెప్పకుండుటలోని అన్యాయమును ఆమె ఎరుగును.

జపానుదేశపు సాహిత్యమున ప్రేమ పలుకుబడికి ప్రాచీనమైన చరిత్ర కలదు. పదునొకండవ శతాబ్దపు ఆరంభమున మురసాకి షికిబు వ్రాసిన "గెంజి" కథలో నాయికా నాయకులు ముఖములు చూచుకొనుటకు ముందే పద్యములు పంపుకొందురు. ముప్పదియొక్క అక్షరముల ఆ పద్యమును మోసికొని పోవుటకు పరిచారకులు కలరు; చేవ్రాత, కాగితపు రంగు, దానికి కట్టిన కొమ్మ అన్నియు మాటలాడును. తెలుగు కావ్యములందును రాయబారములకు కొదువలేదు. దమయంతికి హంస, రుక్మిణికి అగ్నిద్యోతనుడు, పింగళి సూరన ప్రభావతికి శుచిముఖి. ఆధునిక జపాను పాఠశాలలో హంస లేదు. అచ్చట ప్రేమకు ఒక నిర్ణీతమైన ఆచారము ఏర్పడినది. దానిని "కొకుహకు" అందురు. ఒకరు ఎదుట నిలిచి, నీవు నాకు ఇష్టము, నాతో చెలిమి చేయుదువా అని స్పష్టముగా అడుగవలెను. రెండవవారు ఔననో కాదనో స్పష్టముగా చెప్పవలెను. ఆ రెండు మాటలు నడిచినపిమ్మటనే వారిద్దరు ఒక జంట. చూపులు, ఊహలు, స్నేహితుల పరిహాసములు ఆ మాటకు బదులు కాజాలవు.

ఆ మాట కూడ విచిత్రమైనది. "సుకి" అను ఆ జపాను పదమును పూవులకును, తినుబండారములకును, మనుష్యులకును ఒక్కరీతిగా వాడుదురు. తెలుగులోని "ఇష్టము" దానికి సరియైన జోడు. మామిడిపండు ఇష్టము, అమ్మమ్మ ఇష్టము, అతడు ఇష్టము. పదమొక్కటే, బరువులు వేరు. సవాకోకు కజెహాయపై గల ఇష్టము ఏ బరువు గలదో కురుమి అడిగిన నాడు గాని ఆమె తూచి చూచుకొనలేదు. రెండవ మాలికలో కజెహాయ తన ఇష్టమును ఎదుటనే చెప్పినను, ఆ పదమును ఆమె వేరొక బరువుతో విన్నది. తన ఇష్టము వేరని ఆమె చెప్పిన మాటను అతడు నిరాకరణముగా విన్నాడు. చెవులు రెండును మాటను అందుకొన్నవి, మనసులు అందుకొనలేదు. పలుకుట వేరు, చేరుట వేరని ఇంతకన్న తేటగా చూపుట కష్టము.

ఫిబ్రవరి 14వ తేదీన బాలికలు బాలురకు చాక్లెట్లు ఇచ్చుట జపానులో నేటి ఆచారము. మర్యాదకొరకు ఇచ్చునవి కొన్ని, మనసున్నందున ఇచ్చునవి కొన్ని. సవాకో తన చేతులతో చేసిన చాక్లెట్లను తెలిసినవారికి ఇచ్చును. కజెహాయ కొరకు చేసినది మాత్రము చేతనే మిగిలిపోవును. తక్కినవానికి అర్థము లేదు కాబట్టి ఇవ్వగలిగినది. దీనికి అర్థము కలదు కాబట్టి ఇవ్వలేకపోయినది. అందరికిని దొరకి తనకు దొరకనందున కజెహాయ నొచ్చుకొనును. ఇంత చిన్న సంఘటనలో ఇంత వేదనను నింపగల రచనను నెమ్మది రచన యనుట న్యాయమే. ఏమియు జరుగని రచన యనుట న్యాయము కాదు.

ఆలంకారికులు విప్రలంభమును విభజించుచు పూర్వరాగమును అందు మొదటిదిగా చెప్పిరి. కలయికకు ముందు పుట్టి, ఇంకను తీరని అనురాగమది. శంక, వ్రీడ, చింత, జడత దానికి సంచారులు. ఆ లక్షణములన్నియు ఈ జపాను పాఠశాలలో సజీవముగా కనబడుట రససిద్ధాంతము దేశకాలములకు లోబడినది కాదనుటకు నిదర్శనము. అయితే భేదమొకటి కలదు. ప్రబంధములందు పూర్వరాగము వర్ణనకు అవకాశము. చంద్రోపాలంభము, మన్మథోపాలంభము సాగుచుండగా నాయిక శయ్యపై కృశించును. సవాకో కృశించుటకు తీరిక లేదు. ఆమె పాఠము చదువవలెను, మొక్కలకు నీరు పోయవలెను, స్నేహితురాలి దుఃఖమును వినవలెను. ఆమె వ్రీడ అలంకారము కాదు, దాటవలసిన అడ్డంకి. రాయప్రోలు సుబ్బారావు ప్రతిపాదించిన అమలిన శృంగారముతో దీనిని పోల్చవలెనని ఎవరికైనను తోచవచ్చును. "తృణకంకణము"లోని ప్రేమ కలయికను వదలుకొని స్నేహముగా నిలుచును. ఈ కథలోని ప్రేమ దేనిని వదలుకొనదు. మాట పూర్తియగువరకు తొందరపడదు, అంతమాత్రమే.

చిత్రణ కూడ ఈ భావమునకు అనుగుణముగా నున్నది. జపాను బాలికల బొమ్మల కథలలో పాత్ర నోట పలుకు మాటలు బుడగలలో నుండును. మనసులోని మాటలు బుడగ లేక కాగితముపై తేలుచుండును. పలికిన మాటకును పలుకని మాటకును నడుమ గల దూరము పుటపైననే కంటికి కనబడును. అనిమేలో ఆ పలుకని మాటలకు నోతో మామికో మెత్తని గొంతు ప్రాణము పోసినది. రంగులు నీటిలో కలిపినట్లు పలుచన. సవాకో కలవరపడినప్పుడు ఆమె రూపము ఒక చిట్టి బొమ్మగా మారిపోవును. ఆ హాస్యము దుఃఖమును ఏడుపుగొట్టుతనము కానీయదు. పదము నోటికి రాక నిలిచిపోయిన క్షణమును ఆ క్షణముకన్న పొడవుగా నిలిపి చూపుట ఈ కళకు చేతనైన విద్య. ఆ పొడవునే కొందరు సాగదీత యందురు.

సాగదీత బొత్తిగా లేదనుటయు సత్యము కాదు. రెండవ మాలికలో అపార్థము విడిపోవలసిన చోట విడిపోక మరల ముడిపడును. ప్రేక్షకుని ఓర్పు పరీక్షకు గురియగును. కజెహాయ మొదటి భాగములలో మచ్చలేని చంద్రుడు; అతనికిని అసూయ, భయము, మొండితనము కలవని తెలిసినపిమ్మట గాని అతడు మనిషి కాలేదు. వెలివేయబడిన పిల్లలందరికిని కజెహాయలు దొరకరన్నది అన్నింటికన్న బరువైన ఆక్షేపణ. నిజజీవితమున ఎందరో పిల్లలు ఆ వదంతుల క్రిందనే చదువు ముగింతురు. ఈ కథ ఆ చీకటిని తాకి, వెలుగువైపు త్వరగా తిరిగినదన్న మాట ఒప్పుకొనవలెను. అయినను వెలివేయబడిన బిడ్డకు ఒక్కరు చాలునని, ఆ ఒక్కరు తామే కావచ్చునని తరగతిలోని తక్కిన పిల్లలకు తోపించుట చిన్న మేలు కాదు.

తెలుగునాట ఈ కథను చూచుచున్న యువజనులు పలువురు కలరు. ఇంగ్లీషు అక్షరముల సాయముతో జపాను పలుకులను అనుసరించుచు, తలుపు వేసికొని చూచువారే వీరిలో ఎక్కువ. వారి పరిస్థితిని కూడ తలంపవలెను. ఇంటర్మీడియటు వయసున బాలబాలికలను వేర్వేరు ఆవరణములలో నుంచి, ఒకరితో ఒకరు పలుకుటయే తప్పుగా ఎంచు కళాశాలలు కొన్ని కలవు. చదువు పేరిట ఆ రెండేండ్లు మాటలేకయే గడచిపోవును. పిమ్మట వారికి మాట నేర్పు గురువు చలనచిత్రము. ఆ చిత్రములలో పలువురు నాయకులు నాయిక కాదన్నకొలది వెంటబడుదురు. కాదన్న మాటను కాలము గడచిన ఔనగునని పందెము వేయుదురు. తుదకు కథ వారినే గెలిపించును. నాయిక "కాదు" అచ్చట మాట కాదు, ఆటలో ఒక మజిలీ. ఆమె నోటినుండి వెలువడిన పలుకు ఎన్నడును గమ్యము చేరదు.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన నెమ్మది కథ విలువ తెలియును. సవాకో కాదన్నప్పుడు కురుమికి అది కాదుగనే వినబడినది. కజెహాయ కురుమిని కాదన్నప్పుడు ఆమె ఏడ్చినది గాని వెంటబడలేదు. తనను కాదన్నారని తాను అపార్థము చేసికొన్నప్పుడు కజెహాయ ఆ మాటను గౌరవించి దూరముగా నిలిచినాడు. ఆ గౌరవము వలన కథ కొన్ని భాగములు పొడవైనమాట నిజమే. ఎదుటివారి మాటకు లోబడి తన కోరికను నిలుపుకొనగల బాలుని చూపుటకు ఆ పొడవు మిక్కిలి చవుకైన వెల. పెద్దలు భయపడవలసినది ఇట్టి కథలను గూర్చి కాదు. పిల్లల చేతిలో ఇట్టి కథలు లేకపోవుటను గూర్చి భయపడవలెను.

తెలుగున యువకుడు తన ఇష్టమును చెప్పవలసి వచ్చిన ఇంగ్లీషు వాక్యమును ఆశ్రయించుట లోకవిదితము. "ప్రేమించుచున్నాను" అనిన పాటలోని మాటవలె వినబడునని సిగ్గు. "ఇష్టము" అనిన చాలునో చాలదో అని సందేహము. వేయి సంవత్సరముల కావ్యభాషకు ఒక పదునేడేండ్ల బిడ్డ నోట నిలువగల మాట లేకపోవుట ఆలోచింపదగిన విషయము. అది భాషలోని లోటు కాదు, వాడుకలోని లోటు. పిల్లలు మర్యాదగా, తేటగా, భయము లేక మాటలాడుకొను కథలు తెలుగున విరివిగా రావలెను. అట్టి కథలు వచ్చువరకు ఈ జపాను కథను చక్కని తెలుగులోనికి తెచ్చుట మేలు. తెచ్చువారు "సుకి"కి తగిన తెలుగుమాట కొరకు తడుముకొందురు. ఆ తడుములాటలో భాషకే లాభము కలుగును. తలిదండ్రులు ఆ తలుపు తట్టి, పిల్లల ప్రక్కన కూర్చుండి ఒకటి రెండు భాగములు చూచిన మరియు మేలు. బిడ్డ ఏమి చూచుచున్నాడో తెలియుట యొక లాభము. బిడ్డ మాటలాడుటకు తావు దొరకుట అంతకు మించిన లాభము.

పాఠశాల ఉత్సవమునాడు సవాకో తుదకు కజెహాయను వెదకికొని పోయి తన ఇష్టమును తన నోట చెప్పును. రాయబారి లేడు, లేఖ లేదు, వదంతి లేదు. అందరికిని తెలిసిన ఒక చిన్న పదము. ప్రేక్షకునకు అది ఎన్నో భాగములకు ముందే తెలిసినదే. అయినను విన్న క్షణమున కన్ను చెమర్చును. దయ్యమను పేరుతో మొదలైన బాలిక, తన పేరును తాను సంపాదించుకొని, తన మాటను తాను మోసికొని, అంత దూరము నడచివచ్చినదని అప్పుడు తెలియును. పేరులో విడిచిన ఖాళీ నిండినది. చేరవలసినది చేరినది.